గంగవాయిలి కూర

గంగవాయిలి కూర నేలబారుగా పాకి పెరిగే ఒక రసభరితమైన ఆకుకూర మొక్క. దీని వృక్షశాస్త్ర నామం పోర్చులాకా ఒలరేసియా. ఇది పోర్చులకేసి కుటుంబానికి చెందినది. సముద్ర తీరంలోని ఉప్పు ఇసుక నేలలలోను, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని మెట్ట చేలలోను ఇది ఎవరూ విత్తకుండానే మొలుస్తుంది. తెలంగాణలోని జగిత్యాల జిల్లా మల్లాపూర్, కోరుట్ల, రాజన్న సిరిసిల్ల జిల్లా సిరిసిల్ల పరిసరాలలో మక్క, పసుపు చేలలోను, కూరగాయల మడులలోను ఇది విరివిగా కనిపిస్తుంది. రైతుకు ఇది కలుపు మొక్క, వంటింట్లో మాత్రం పప్పులోకి మంచి కూర. పుల్లదనం, కొద్దిపాటి ఉప్పదనం, వండినప్పుడు కలిగే స్వల్పమైన జిగురు దీని ప్రత్యేకతలు.

పేర్లు

తెలుగునాట ఈ మొక్కకు ప్రాంతాన్ని బట్టి అనేక పేర్లు ఉన్నాయి. తెలంగాణలో గంగవాయిలి కూర, గంగవావిలి కూర అని, ఆంధ్ర ప్రాంతంలో గంగపాయల కూర, గంగబాయల కూర, పావిలి కూర అని పిలుస్తారు. కొన్నిచోట్ల పప్పుకూర అని కూడా అంటారు. అయితే చక్రవర్తి కూర అనే వేరొక మొక్కకు కూడా పప్పుకూర అన్న పేరు ఉన్నందున ఆ పేరు విన్నప్పుడు ఏ మొక్కను గురించి చెబుతున్నారో చూసుకోవాలి.

సంస్కృతంలో దీనిని లోణికా, లోణీ అంటారు. ఈ పేర్లకు లవణ శబ్దంతో సంబంధం ఉంది. ఆకు రుచిలోని ఉప్పదనాన్ని ఇవి సూచిస్తాయి. హిందీలో కుల్ఫా, లోనియా అని, మరాఠీలో ఘోళ్ అని, తమిళంలో పరుప్పుకీరై అని వ్యవహరిస్తారు. తమిళ పేరులోని పరుప్పు అంటే పప్పు. పప్పుతో కలిపి వండే అలవాటు దక్షిణాదిలో ఎంత సహజమైనదో ఈ పేర్లే చెబుతున్నాయి.

1753లో కార్ల్ లిన్నేయస్ ఈ మొక్కకు నేటి వృక్షశాస్త్ర నామాన్ని ఇచ్చాడు. ఇందులోని రెండవ పదమైన ఒలరేసియాకు లాటిన్ భాషలో "కూరగా పనికివచ్చేది" అని అర్థం. అంటే ఇది తినదగినదన్న విషయం దాని శాస్త్రీయ నామంలోనే ఇమిడి ఉంది.

మొక్క లక్షణాలు

ఇది ఏకవార్షిక మొక్క. ఒకే తల్లివేరు నుండి అనేక కొమ్మలు బయలుదేరి చుట్టూ చక్రం వలె నేలపై పరచుకుంటాయి. మొక్కలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు, నీడలో ఉన్నప్పుడు కొమ్మలు కొంత నిటారుగా లేస్తాయి.

కాండం: గుండ్రంగా, నున్నగా, నూగు లేకుండా ఉంటుంది. లోపల నీటితో నిండి మెత్తగా ఉంటుంది. ఎండ తగిలే చోట ఎరుపు రంగుకు తిరుగుతుంది.

ఆకులు: మందంగా, మెరుస్తూ, కొస వద్ద వెడల్పుగా, మొదట సన్నగా ఉంటాయి. కొమ్మల చివర్లలో గుంపుగా చేరి ఉంటాయి.

పూలు: చిన్నవి, పసుపుపచ్చనివి. సాధారణంగా ఐదు ఆకర్షక పత్రాలు ఉంటాయి. ఎండ వచ్చిన తరువాత విచ్చుకొని కొద్ది గంటలలోనే ముడుచుకుంటాయి.

కాయలు, గింజలు: కాయ పండినప్పుడు దాని పైభాగం భరిణె మూత వలె ఊడిపోతుంది. లోపల నల్లని, అతి సూక్ష్మమైన గింజలు ఉంటాయి. ఒక్కొక్క మొక్క వేలాది గింజలను రాలుస్తుంది. ఇవి నేలలో అనేక సంవత్సరాల పాటు మొలకెత్తే శక్తిని కోల్పోకుండా ఉంటాయి.

ఇళ్ళలో పూల కోసం పెంచే గడ్డి గులాబీ (పోర్చులాకా గ్రాండిఫ్లోరా) ఇదే ప్రజాతికి చెందినది. సన్నపాయల కూర (పోర్చులాకా క్వాడ్రిఫిడా) అనే మరొక జాతి ఆకులు బాగా చిన్నవి. దాని కణుపుల వద్ద నూగు ఉంటుంది, పూవుకు నాలుగు ఆకర్షక పత్రాలు ఉంటాయి. దానిని కూడా కూరగా వండుకుంటారు.

తీరం నుండి మెట్టకు

గంగవాయిలి కూర నేడు ఉష్ణ, సమశీతోష్ణ మండలాలన్నింటా వ్యాపించి ఉంది. కెనడాలోని అంటారియోలో ఒక సరస్సు అడుగున పేరుకున్న ఒండ్రు పొరలలో కొలంబస్ కాలానికి పూర్వపు గంగవాయిలి పుప్పొడి, గింజలు లభించాయి. కాబట్టి యూరోపియన్లు రాకముందే ఈ మొక్క అమెరికా ఖండానికి చేరిందని తెలుస్తున్నది.

సముద్ర తీరాలలోని ఇసుక దిబ్బల అంచులు, ఉప్పు నేలలు ఈ మొక్కకు అనుకూలమైన స్థలాలలో ఒకటి. నేలలోని ఉప్పును ఇది చాలా పంట మొక్కల కంటే ఎక్కువగా తట్టుకోగలదు. ఆ ఉప్పును కొంతవరకు తన కణజాలంలోకి తీసుకుంటుంది కూడా. ఈ గుణం కారణంగానే చౌడు నేలలలో ఉప్పును తగ్గించడానికి దీనిని ఇతర పంటలతో కలిపి పెంచే ప్రయోగాలు వివిధ దేశాలలో జరిగాయి. తీరప్రాంతంలో కోసిన కూరను వండేటప్పుడు ముందుగా రుచి చూసి ఆ తరువాతే ఉప్పు వేయడం మంచిది.

ఆంధ్రప్రదేశ్ తీరంలో దీనిని పోలిన మరి రెండు రసభరితమైన మొక్కలు ఉన్నాయి. మొదటిది వంగరెడ్డి కూర (సెసువియం పోర్చులకాస్ట్రం). ఇది ఉప్పుటేర్ల ఒడ్డున, మడ అడవుల అంచున నేలపై పాకుతుంది. దీని పూలు గులాబి రంగులో నక్షత్రం వలె ఉంటాయి. రెండవది ఇలకూర (సుయేడా మారిటిమా). దీని ఆకులు సన్నగా, పుల్లల వలె ఉంటాయి. ఈ రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి. ఇవి కూడా తినదగినవే కాని ఉప్పు చాలా ఎక్కువ. అందువలన నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి, అవసరమైతే మరల ఉడికించి వండుకోవాలి. ఇవి ఉప్పునేలలను విడిచి లోపలి ప్రాంతాలకు అంతగా రావు. గంగవాయిలి మాత్రం తీరంలోను, లోపలి మెట్ట నేలలలోను ఒకే విధంగా బ్రతకగలదు.

మల్లాపూర్ ప్రాంతంలో

మల్లాపూర్ మండలం గోదావరి నదికి దక్షిణాన ఉన్నది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. వరి, మక్కజొన్న, పసుపు ఈ ప్రాంతపు ముఖ్యమైన పంటలు. పసుపులో మక్కజొన్నను అంతర పంటగా వేసే పద్ధతి కూడా ఇక్కడ ఉంది.

తొలకరి వానలు పడి దుక్కి చేసిన కొద్ది రోజులకే గంగవాయిలి మొలకలు కనిపిస్తాయి. పసుపు చేలకు, కూరగాయల మడులకు తడి పెట్టేచోట ఇది వర్షాకాలం తరువాత కూడా దొరుకుతుంది. నీరు నిలిచే వరి మడిలో మాత్రం ఇది పెరగదు, గట్ల మీదనే కనిపిస్తుంది. కలుపు తీసే స్త్రీలు మిగిలిన కలుపును గట్టున వేసి, లేత గంగవాయిలిని కొంగులో కట్టుకొని ఇంటికి తీసుకువెళ్ళడం ఈ ప్రాంతంలో చిరకాలంగా ఉన్న అలవాటు. కూలి డబ్బుకు తోడు ఆ పూట కూర కూడా చేను నుండే లభించేది. ఊళ్ళ అంగళ్ళలో, పట్టణాల మార్కెట్లలో దీనిని చిన్న కట్టలుగా కట్టి అమ్ముతారు.

ఎండను తట్టుకొనే విధానం

మండుటెండలో చుట్టుపక్కల మొక్కలు వాడిపోయినా గంగవాయిలి పచ్చగానే ఉంటుంది. దీనికి కారణం దాని కిరణజన్య సంయోగక్రియలో ఉన్న ప్రత్యేకత.

మక్కజొన్న, జొన్న, చెరకు వంటి మొక్కలు సీ4 అనే విధానంలో ఆహారాన్ని తయారు చేసుకుంటాయి. తీవ్రమైన ఎండలో కూడా వేగంగా పెరగడానికి ఈ విధానం తోడ్పడుతుంది. అనాస, బ్రహ్మజెముడు వంటి మొక్కలు కామ్ అనే వేరొక విధానాన్ని అనుసరిస్తాయి. ఇవి పగటివేళ పత్రరంధ్రాలను మూసుకొని నీటి నష్టాన్ని తగ్గించుకుంటాయి. రాత్రివేళ రంధ్రాలను తెరచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని, దానిని మాలిక్ ఆమ్లం రూపంలో నిల్వచేసుకుంటాయి. పగలు ఆ ఆమ్లాన్ని వాడుకొని ఆహారాన్ని తయారు చేస్తాయి.

గంగవాయిలి సాధారణంగా సీ4 మొక్క. నీటి ఎద్దడి ఏర్పడినప్పుడు మాత్రం కామ్ విధానాన్ని కూడా ప్రారంభిస్తుంది. ఈ రెండు విధానాలు ఆకులోని ఒకే కణాలలో కలసి పనిచేస్తున్నాయని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో వెల్లడించారు. కరవును తట్టుకొనే పంటలను రూపొందించే ప్రయత్నాలకు ఈ పరిశీలన ఉపయోగపడగలదని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

దీని ప్రభావం వంటలో కూడా తెలుస్తుంది. నీరు తక్కువైన నేలలో పెరిగిన మొక్కలో రాత్రంతా మాలిక్ ఆమ్లం పేరుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున కోసిన ఆకు ఎక్కువ పుల్లగా ఉంటుంది. సాయంత్రానికి ఆ ఆమ్లం ఖర్చయిపోయి పులుపు తగ్గుతుంది.

గుర్తుపట్టే పద్ధతి

చేలలో గంగవాయిలితో పాటు దానిని పోలిన ఇతర మొక్కలు కూడా పెరుగుతాయి. కోసేముందు ఈ తేడాలను గమనించాలి.

నానుబాలు: నేలబారుగా పాకే కొన్ని నానుబాలు జాతులు దూరం నుండి గంగవాయిలి వలె కనిపిస్తాయి. కాండాన్ని విరిస్తే వీటి నుండి తెల్లని పాలు కారుతాయి. ఈ పాలు చర్మానికి, నోటికి మంట కలిగించవచ్చు. గంగవాయిలి కాండాన్ని విరిస్తే నీటి వంటి రసం మాత్రమే వస్తుంది. పాలు కనిపిస్తే అది తినదగిన కూర కాదని తెలుసుకోవాలి.

అంబటిమాడు: దీనినే తెల్ల గలిజేరు (ట్రయాంథిమా పోర్చులకాస్ట్రం) అని కూడా అంటారు. దీని ఆకులు కూడా రసభరితంగానే ఉంటాయి. కాని ప్రతి కణుపు వద్ద ఎదురెదురుగా ఉండే రెండు ఆకులలో ఒకటి పెద్దది, మరొకటి చిన్నది. పూలు తెలుపు లేదా లేత గులాబి రంగులో ఉంటాయి. లేత ఆకులను కొన్నిచోట్ల తింటారు కాని, ముదిరిన ఆకులు విరేచనాలకు కారణం కావచ్చు.

గంగవాయిలి: కాండం నున్నన, పాలు లేవు, ఆకు కొస గుండ్రన, పూవు పసుపుపచ్చన. ఈ నాలుగు లక్షణాలూ కలిసి ఉంటేనే కోయాలి.

వంటకాలు

లేత ఆకులు, లేత కాడలు రెండూ వంటకు పనికివస్తాయి. వేరును, ముదురు కాడలను తీసివేయాలి. నేలను అంటుకొని పెరిగే మొక్క కావడం వలన కణుపుల వద్ద మట్టి, ఇసుక ఎక్కువగా ఉంటాయి. మూడు నాలుగు నీళ్ళలో కడిగిన తరువాతే తరగాలి. తరిగిన తరువాత కడిగితే జిగురు, రుచి రెండూ నీటిలో పోతాయి.

గంగవాయిలి కూర పప్పు: ఇది అన్నిటికంటే ప్రసిద్ధమైన వంటకం. ఒక కప్పు కందిపప్పుకు రెండు మూడు కప్పుల తరిగిన కూర సరిపోతుంది. పప్పు సగం ఉడికిన తరువాత కూర, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ ముక్కలు, పసుపు వేసి మెత్తబడేవరకు ఉడికించాలి. కూరకు సహజంగానే పులుపు ఉంటుంది కాబట్టి చింతపండు కొద్దిగా వేస్తే చాలు. వేసవిలో చింతపండుకు బదులు మామిడికాయ ముక్కలు వేస్తారు. చివరగా ఎల్లిపాయ, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఆవాలు, కరివేపాకుతో పోపు పెట్టాలి. అన్నంలోకే కాక జొన్నరొట్టెలోకి, మక్క గట్కలోకి కూడా ఇది బాగుంటుంది.

పెసరపప్పు పొడికూర: నానబెట్టిన పెసరపప్పును, తరిగిన కూరను పోపులో వేసి, నీరు పోయకుండా సన్నని మంటపై మగ్గనివ్వాలి. కూరలో ఉన్న నీరే పప్పు ఉడకడానికి సరిపోతుంది.

పచ్చడి: కూరను నూనెలో వేయించి, వేయించిన మిరపకాయలు, చింతపండు, ఎల్లిపాయతో కలిపి రోట్లో నూరుతారు. తెలంగాణలో దీనిని తొక్కు అంటారు.

పెరుగు పచ్చడి: ఉడికించి చల్లార్చిన కూరను చిలికిన పెరుగులో కలిపి పోపు పెడతారు. కోస్తా ప్రాంతంలో మజ్జిగ పులుసులో కూడా ఈ కూరను వేస్తారు.

మాంసంతో: హైదరాబాదు ముస్లిముల వంటలలో కుల్ఫాను మాంసంతో కలిపి వండుతారు. కూర పులుపు, మాంసపు కొవ్వు ఒకదానికొకటి సరిపోతాయి.

ఇతర దేశాలలో

టర్కీలో ఈ కూర పచ్చి ఆకులను పెరుగు, వెల్లుల్లితో కలిపి తింటారు. లెబనాన్, సిరియా దేశాలలో ఫత్తూష్ అనే పచ్చికూరల మిశ్రమంలో వేస్తారు. మెక్సికోలో వెర్దొలాగా అనే పేరుతో పంది మాంసపు పులుసులో వండుతారు. పోర్చుగల్‌లోని అలెంతేజు ప్రాంతంలో జున్ను, గుడ్లు వేసి చారు కాస్తారు. చైనాలో ఆకు ఆకారాన్ని బట్టి దీనికి గుర్రపు పంటి కూర అన్న అర్థం వచ్చే పేరు ఉంది.

అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో తన మక్క చేనులో మొలచిన ఈ కూరను కోసుకొని, ఉప్పు వేసి ఉడికించి భోజనం చేసిన సంగతిని 1854లో వెలువడిన "వాల్డెన్" గ్రంథంలో తెలిపాడు. మల్లాపూర్ మక్క చేలలో జరిగేది కూడా అదే.

పోషక విలువలు

100 గ్రాముల పచ్చి కూరలో లభించే పోషకాలు సుమారుగా ఇలా ఉంటాయి.

శక్తి: 20 కిలోకాలరీలు
నీరు: 93 గ్రాములు
మాంసకృత్తులు: 2 గ్రాములు
పిండి పదార్థాలు: 3.4 గ్రాములు
కొవ్వు: 0.4 గ్రాములు
పొటాషియం: 494 మిల్లీగ్రాములు
మెగ్నీషియం: 68 మిల్లీగ్రాములు
కాల్షియం: 65 మిల్లీగ్రాములు
ఇనుము: 2 మిల్లీగ్రాములు
విటమిన్ సి: 21 మిల్లీగ్రాములు

కొవ్వు స్వల్పమే అయినా అందులో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉండటం ఈ కూర విశిష్టత. ఇది ఒమేగా-3 వర్గానికి చెందిన కొవ్వు ఆమ్లం. 1986లో ఆర్టెమిస్ సిమొపౌలోస్, నార్మన్ సేలం ఈ విషయాన్ని ఒక వైద్య పత్రికలో ప్రకటించిన తరువాత ఈ మొక్కపై శాస్త్రవేత్తల దృష్టి పడింది. 1992లో వెలువడిన మరొక అధ్యయనం ప్రకారం 100 గ్రాముల తాజా ఆకులలో ఈ ఆమ్లం 300 నుండి 400 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఆకుకూరలలో ఇది ఎక్కువ మోతాదే. అయితే చేపలలో లభించే ఒమేగా-3 ఆమ్లాలు వేరు. మానవ శరీరం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంలో కొద్ది భాగాన్ని మాత్రమే ఆ రూపాలలోకి మార్చుకోగలదు. కాబట్టి ఈ కూర చేపలకు సమానమని చెప్పడం సరికాదు.

జాగ్రత్తలు

పాలకూర వలెనే గంగవాయిలిలో కూడా ఆక్జాలిక్ ఆమ్లపు లవణాలు అధికంగా ఉన్నాయి. ఇవి శరీరంలో కాల్షియంతో కలిసి మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడటానికి దోహదం చేయవచ్చు. రాళ్ళ సమస్య ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దీనిని తరచుగా తినరాదు. పొటాషియం ఎక్కువగా ఉన్నందున మూత్రపిండాల వ్యాధిగ్రస్తులు కూడా జాగ్రత్త వహించాలి.

కూరను ఉడికించి ఆ నీటిని పారబోస్తే కరిగే ఆక్జాలేట్లు కొంతవరకు తగ్గుతాయి. పెరుగుతో కలిపినప్పుడు కూడా ఇవి తగ్గుతాయని 2009లో న్యూజీలాండ్ పరిశోధకులు తెలిపారు. పెరుగులోని కాల్షియం ఆక్జాలేట్లతో కలిసి కరగని పదార్థంగా మారుతుంది. అది రక్తంలోకి అంతగా చేరక విసర్జింపబడుతుంది. పెరుగు పచ్చడి, మజ్జిగ పులుసు ఈ దృష్టితో చూసినా మంచి వంటకాలే.

పశువులు, ముఖ్యంగా ఆకలిగొన్న గొర్రెలు, దీనిని అమితంగా మేస్తే ఆక్జాలేట్ల వలన ప్రమాదం కలుగవచ్చు.

ఈ మొక్క నేలలోని భార లోహాలను కూడా పీల్చుకోగలదు. మురుగు కాలువల పక్కన, కర్మాగారాల వ్యర్థాలు చేరే చోట, రద్దీగా ఉండే రహదారుల అంచున మొలచిన మొక్కలను కోయరాదు.

కలుపుగా, ఆహారంగా

1977లో లెరాయ్ హోమ్, తదితరులు ప్రచురించిన ప్రపంచ కలుపు మొక్కల గ్రంథంలో అతి తీవ్రమైన 18 కలుపు మొక్కలను ఎంపిక చేశారు. తుంగ, గరిక, గుర్రపుడెక్కలతో పాటు గంగవాయిలి కూడా వాటిలో ఉంది. అదే జాబితాలో ఉన్న చక్రవర్తి కూర, ముళ్ళ తోటకూర కూడా మనుషులు తినేవే. రైతు భయం నిరాధారమైనది కాదు. పీకి గట్టున వేసిన గంగవాయిలి వెంటనే చావదు. తన కాండంలోని నీటితోనే కాయలను పండించి గింజలను రాల్చగలదు. తెగిన కాండపు ముక్కలు తేమ తగిలితే మరల వేళ్ళూనుతాయి. అందుచేత దీనిని పూత రాకముందే తీసివేయాలి. కూరకు అనువైన లేత దశ కూడా అదే కావడం విశేషం.

పూర్వం కలుపు తీత చేతితో జరిగేది కాబట్టి చేను శుభ్రపడటం, ఇంటికి కూర చేరడం రెండూ ఒకేసారి జరిగేవి. కూలీల కొరత, ఖర్చుల భారం వలన రైతులు కలుపు మందుల వైపు మొగ్గారు. మక్కజొన్నలో విత్తిన వెంటనే చల్లే అట్రజిన్ వంటి మందులు గంగవాయిలి వంటి వెడల్పాకు మొక్కలను మొలక దశలోనే అరికడతాయి. దీనివలన రైతుకు ఖర్చు తగ్గుతుంది. కాని ఆ చేనులో కూలికి వెళ్ళే కుటుంబానికి డబ్బు పెట్టకుండా దొరికే ఆకుకూర లేకుండా పోతుంది. మందు తగిలి కూడా బ్రతికిన మొక్కలను, పక్క చేనులో మందు చల్లినప్పుడు తడిసిన మొక్కలను తినడం ప్రమాదకరం. మొక్క పచ్చగా కనిపించినంత మాత్రాన దానిపై మందు లేదని అనుకోరాదు. ఆ చేను రైతును అడిగి తెలుసుకొని కోయడమే క్షేమం.

సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలో 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు గంగవాయిలి వంటి సాగుచేయని ఆకుకూరలను గుర్తించి, వాటి పేర్లను, వంటకాలను వెలుగులోకి తెచ్చాయి. విత్తనాన్ని దాచడం వలెనే ఈ కూరలను గుర్తుపట్టే తెలివిని తరువాతి తరానికి అందించడం కూడా వ్యవసాయంలో భాగమేనని వీరి పని తెలియజేస్తుంది.

పెరటిలో పెంపకం

మందుల భయం లేని కూర కావాలంటే దీనిని పెరటిలోనో, కుండీలోనో పెంచుకోవడం సులభం. గింజలకు మొలకెత్తడానికి వెలుతురు అవసరం కనుక వాటిని మట్టిపై చల్లి, పైన మట్టి కప్పకుండా నీరు చిలకరించాలి. లేత కాండపు ముక్కలను నాటినా వేళ్ళు వస్తాయి. నీరు నిలవని నేల, మంచి ఎండ ఉంటే చాలు. మొలచిన నాలుగు నుండి ఆరు వారాలకు కోతకు వస్తుంది. నేలకు రెండు అంగుళాల పైన కోస్తే మరల చిగురించి ఒకటి రెండు కోతలు ఇస్తుంది. పూత మొదలైన తరువాత కాడలు ముదిరి రుచి తగ్గుతుంది. గింజలు రాలకముందే ముదురు మొక్కలను తీసివేయకపోతే పెరడంతా ఇదే మొలుస్తుంది.